ఊరికే వచ్చిన విమానాలు

1980ల మధ్యనాటికి ఐబీఎం పీసీకి నకళ్లు అమెరికా మార్కెట్‌ను ముంచెత్తాయి. ప్రతి కంపెనీ తన యంత్రం అచ్చం ఐబీఎం లాగే పనిచేస్తుందని చెప్పుకునేది. ఆ మాటలో నిజమెంతో తేల్చడానికి కంప్యూటర్ పత్రికల వాళ్లు రెండు ఫ్లాపీలు పెట్టి చూసేవారు. ఒకటి లోటస్ 1-2-3, రెండోది మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్. లెక్కల పట్టిక తెరుచుకుని, షికాగో మెగ్స్ ఫీల్డ్ రన్‌వే మీంచి సెస్నా గాల్లోకి లేచిందంటే ఆ యంత్రం నిఖార్సైనదే. లేవకపోతే ఎంత పెద్ద ప్రకటన వేసుకున్నా లాభం లేదు.

కంప్యూటర్లకే గీటురాయిగా నిలిచిన ఆ ప్రోగ్రాం చుట్టూ తర్వాతి కాలంలో ఓ వ్యాపారం పెరిగింది. విడివిడిగా విమానాలు, విమానాశ్రయాలు తయారుచేసి అమ్మే వ్యాపారం అది. ఆ సరుకు మంచిదో కాదో చెప్పేవాళ్లు కావాల్సి వచ్చారు, వచ్చారు కూడా. అయితే మొదటి రోజునుంచీ వాళ్లకు సరుకు ఊరికే అందేది, అమ్మేవాళ్ల చేతులమీదుగానే.

ఫ్లైట్ సిమ్యులేటర్‌కు మూలపురుషుడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చదువుతూ 1975లో కంప్యూటర్ తెర మీద విమానయానాన్ని చూపించే విషయంపై సిద్ధాంత వ్యాసం రాశాడు. 1977లో సబ్‌లాజిక్ సంస్థ మొదలైంది. యాపిల్ 2 మీద నడిచిన తొలి సిమ్యులేటర్ తర్వాత, 1982 నవంబరులో మైక్రోసాఫ్ట్ దాన్ని ఐబీఎం పీసీకి తెచ్చింది. ఆటతోపాటు వచ్చిన నాలుగైదు ప్రాంతాల మీద ఎగిరి ఎగిరి విసుగెత్తినవాళ్ల కోసం సబ్‌లాజిక్ వేరే ప్రాంతాల డిస్కులు విడిగా అమ్మింది. యాడ్-ఆన్ అనే వ్యాపారానికి అదే పునాది.

అయినా 1990ల్లో చాలాకాలం ఈ లోకం డబ్బు మీద నడవలేదు. 1990లో మైక్రోసాఫ్ట్ ‘ఎయిర్‌క్రాఫ్ట్ అండ్ సీనరీ డిజైనర్’ పేరుతో ఓ పనిముట్టు విడుదల చేశాక, ఎవరికి వాళ్లు తమ ఊరి విమానాశ్రయం, తమకు నచ్చిన విమానం కట్టుకోవడం మొదలుపెట్టారు. కట్టినదాన్ని కంప్యుసర్వ్ లాంటి టెలిఫోన్ నెట్‌వర్కుల్లో నలుగురికీ పంచిపెట్టారు. డబ్బు అడిగినవాళ్లు తక్కువ. పుచ్చుకున్నవాళ్లు థాంక్స్ చెప్పేవారు, ఎక్కడైనా రెక్క వంకరగా ఉంటే మెల్లగా చెవిన వేసేవారు. దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదన్న మర్యాద అక్కడ బాగానే సాగింది.

డబ్బు వచ్చాక మర్యాద మారాలి. మారలేదు. తర్వాతి కథకంతా మూలం అక్కడే ఉంది.

జర్మనీలో ఏరోసాఫ్ట్ అనే యాడ్-ఆన్ సంస్థ 1991లో మొదలైంది. అమెరికాలో పీఎండీజీ అనే సంస్థ 1997లో వచ్చింది. ఉచితంగా దొరికేదాన్ని ఫ్రీవేర్ అనీ, కొనుక్కోవాల్సినదాన్ని పేవేర్ అనీ పిలవడం అలవాటైంది. 2000 దాటాక పేవేర్ నాణ్యత ఎంత పెరిగిందంటే, బోయింగ్ కాక్‌పిట్‌లో ఉండే మీటల్లో దాదాపు అన్నీ తెర మీద నిజంగా పనిచేసేవి. కొనేవాడికీ అవసరం పెరిగింది. 2006 అక్టోబరులో ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ వచ్చేనాటికి హైదరాబాద్ విమానాలన్నీ బేగంపేటలోనే దిగేవి, ఆటలోనూ అంతే. 2008 మార్చిలో శంషాబాద్ తెరుచుకుంది. ఆటలో మాత్రం శంషాబాద్ కొండగుట్టలుగానే మిగిలిపోయింది. అక్కడ దిగాలనుకున్న తెలుగువాడికి ఎవరో కట్టిన యాడ్-ఆన్ తప్ప వేరే దారి లేదు.

ఆ యాడ్-ఆన్ కొనాలంటే మాత్రం గుడ్డిగా కొనాల్సిందే. దుకాణంలో చీర మడత విప్పి చూసినట్టు చూడనివ్వరు. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకున్నాక డబ్బు వాపసు ఇవ్వకపోవడం ఈ రంగంలో చాలా దుకాణాల రివాజు. పాతబడ్డాక ఇంకొకరికి అమ్ముకోవడం కుదరదు, లైసెన్సు కొన్నవాడి పేరుమీదే ఉంటుంది. 2022 మేలో పీఎండీజీ బోయింగ్ 737-700ను, 2020లో వచ్చిన కొత్త ఫ్లైట్ సిమ్యులేటర్‌కు తెచ్చినప్పుడు ధర 70 డాలర్లు, అప్పటి మారకంలో 5,000 రూపాయల పైమాట. అసలు ఆట కొన్న ధర కంటే అందులో ఎగరేసే ఒక్క విమానం ధర ఎక్కువ. ఇలాంటి చోట సమీక్ష చదవడం సరదా కాదు, జేబు కాపాడుకునే పని.

సమీక్షల కొలువు తీరింది 1996 తర్వాత. ఆ ఏడాదే నెల్స్ ఆండర్సన్ ఫ్లైట్‌సిమ్ డాట్ కామ్‌నూ, టామ్ ఆలెన్స్‌వర్త్ ఎవ్‌సిమ్ సైటునూ మొదలుపెట్టారు. అచ్చులో బ్రిటన్ నుంచి పీసీ పైలట్ పత్రిక వచ్చేది. ఎవ్‌సిమ్ ప్రధానంగా స్వచ్ఛంద సేవకుల శ్రమతో నడిచింది. ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిపూట విమానాలు ఎగరేసే ఔత్సాహికులే అక్కడి సమీక్షకులు. వాళ్ల వ్యాసాలు పుస్తకంలో అధ్యాయాలంత పొడుగుండేవి. పక్కనే పెట్టె కట్టి, సమీక్షకుడి కంప్యూటర్‌లో ఏ ప్రాసెసర్ ఉంది, ఎంత మెమరీ ఉంది, ఆ విమానాన్ని ఎన్ని గంటలు ఎగరేశాడు అన్నీ రాసేవారు. ఎన్నదగిన వాటికి ‘గోల్డ్ స్టార్’ ఇచ్చేవారు. తయారీదారులు ఆ నక్షత్రాన్ని తమ ప్రకటనల్లో పెట్టుకునేవారు.

సమీక్ష అంటే ఎంత పనో ఒక 737ను చూస్తే తెలుస్తుంది. కాక్‌పిట్ అంతా చీకటిగా, చల్లగా ఉన్న స్థితి నుంచి మొదలుపెట్టాలి. బ్యాటరీ మీట వేసి, తోకలో ఉండే చిన్న సహాయక ఇంజిన్ తిప్పి, కరెంటు తెచ్చుకోవాలి. విమానం తానెక్కడుందో తెలుసుకునే జడత్వ పరికరాలను ఆన్ చేసి, అవి కుదురుకునేదాకా నిమిషాల తరబడి ఆగాలి. దారి మొత్తం కంప్యూటర్‌కు మేపాలి. ఇంజిన్ తిప్పేటప్పుడు లోపలి చక్రం వేగం పాతిక శాతానికి చేరాకే ఇంధనం మీట పైకెత్తాలి. తొందరపడి ముందే ఎత్తితే ఇంజిన్ వేడి హద్దు దాటాలి. మంచి యాడ్-ఆన్‌లో దాటుతుంది, నాసిరకంలో ఏమీ కాదు. ఆ తేడా తెలియాలంటే సమీక్షకుడు తప్పు కావాలని చేసి చూడాలి. ఎక్కడం, దిగడం, ఎదురుగాలి, ఒక ఇంజిన్ ఆగిపోవడం ఇవన్నీ చూసేసరికి రెండు మూడు వారాల రాత్రులు గడిచిపోతాయి.

అంత పనికీ అతనికి దక్కేది ఆ విమానమే. జీతం ఉండదు. వారాల కష్టానికి 70 డాలర్ల సరుకు కూలి అనుకున్నా, గంటకు లెక్కేస్తే చాలా చిన్న కూలి. కాబట్టి ఉచిత ప్రతిని లంచం అంటే సమీక్షకులకు కోపం రావడంలో అన్యాయం లేదు. ఇంకో పక్కనుంచి చూస్తే లెక్క వేరుగా కనిపిస్తుంది. ఇచ్చేవాడికి ఆ ప్రతి ఖర్చు సున్నా. ఒక సీరియల్ నంబరు పుట్టించి ఈమెయిల్‌లో పంపడమే పని. సున్నా ఖర్చుతో పంపినదానికి పదివేల మాటల వ్యాసం, పైగా నక్షత్రం దొరికితే ఇంతకంటే చవకైన ప్రచారం ఏముంది?

ఈ బేరం కొత్తదేమీ కాదు, అచ్చు పుస్తకాలతోపాటే పుట్టింది. లండన్‌లో రాల్ఫ్ గ్రిఫిత్స్ అనే పుస్తక వ్యాపారి 1749లో ‘మంత్లీ రివ్యూ’ పెట్టాడు. కొత్త పుస్తకాల మంచిచెడ్డలు చెప్పడమే పనిగా పెట్టుకున్న తొలి పత్రికల్లో అదొకటి. మరుసటి ఏడాది తాను అచ్చువేసిన ఓ నవలను ఆ పత్రికలోనే మెచ్చుకున్నాడు కూడా. 19వ శతాబ్దం మొదట్లో హెన్రీ కోల్‌బర్న్ అనే ప్రచురణకర్త ఇంకో అడుగు ముందుకేశాడు. పుస్తకాలు అచ్చువేసేదీ ఆయనే, వాటిని పొగిడే ‘లిటరరీ గెజిట్’లో వాటాదారూ ఆయనే. 1830లో మెకాలే ‘ఎడిన్‌బరో రివ్యూ’లో ఈ భజన సంస్కృతి మీద విరుచుకుపడ్డాడు. అదే ఏడాది ‘అథీనియం’ పత్రిక పగ్గాలు పట్టిన చార్లెస్ డిల్క్ మరీ గట్టి నియమం పెట్టుకున్నాడు. మొహమాటాలకు తావుండకూడదని రచయితల, ప్రచురణకర్తల విందులకు దూరంగా ఉన్నాడు. పుస్తకం ఊరికే రావడం కంటే, పంపినవాడితో కలిసి భోంచేయడమే ఎక్కువ ప్రమాదమని ఆయన లెక్క.

తెలుగు పత్రికలకూ ఈ ఆనవాయితీ ఉంది. పుస్తక పరిచయం పేజీ అడుగున ‘సమీక్షకు రెండు ప్రతులు పంపాలి’ అన్న గమనిక చూడని పాఠకుడు ఉండడు. ఒక ప్రతి సమీక్షకుడికి, ఇంకోటి ఆఫీసుకు అని అందరూ అనుకునేదే. ఆ రెండు ప్రతుల గురించి ఎవరూ ఆరా తీయరు. వంద రూపాయల కవితా సంపుటి కోసం ఎవరూ అమ్ముడుపోరని నమ్మకం. తెలుగు సాహిత్యంలో సమీక్షల మీద వచ్చిన గొడవలు ప్రతుల గురించి కావు, పరిచయాల గురించి. ముందుమాట రాసినవాడే సమీక్షా రాశాడనీ, శిష్యుడి పుస్తకాన్ని గురువు ఎత్తుకున్నాడనీ. ఇక్కడా డిల్క్ లెక్కే సరిపోయింది.

అమెరికాలో ఈ సంగతి చట్టం దాకా వెళ్లింది రేడియో వల్ల. 1950ల్లో రికార్డు కంపెనీలు తమ పాటలు పదేపదే వేయమని డిస్క్ జాకీలకు డబ్బు, కానుకలు ముట్టజెప్పేవి. అది బయటపడ్డాక 1959లో అలన్ ఫ్రీడ్ లాంటి పేరున్న జాకీ ఉద్యోగం పోయింది, 1960లో చట్టం మారింది. డబ్బు తీసుకుని పాట వేస్తే ఆ సంగతి శ్రోతలకు చెప్పి తీరాలి. వేయడం తప్పు కాదు, దాచడం తప్పు. తర్వాత వచ్చిన నిబంధనలన్నీ ఈ అచ్చులోనే పోతపోశారు.

దీనికి పూర్తి విరుద్ధమైన దారి కూడా అమెరికాలోనే ఉంది. 1936లో మొదలైన కన్స్యూమర్స్ యూనియన్ తన పత్రికలో ప్రకటనలు వేయదు, పరీక్షించే వస్తువును కంపెనీ దగ్గర తీసుకోదు. దుకాణానికి పోయి మామూలు కొనుగోలుదారులాగా డబ్బిచ్చి తెచ్చుకుంటుంది. ఎంచి పంపిన సరుకు కాకుండా, అందరికీ దొరికే సరుకే చేతికొస్తుంది. దాని వెనక లక్షలాది చందాదారుల డబ్బు ఉంది. విమాన సిమ్యులేటర్ల సమీక్షకుడి వెనక ఎవరున్నారు? నెలకు పది యాడ్-ఆన్‌లు 70 డాలర్ల చొప్పున కొంటే 700 డాలర్లు. అంత డబ్బు పెట్టేవాడు సమీక్షలెందుకు రాస్తాడు, హాయిగా ఎగరేసుకుంటాడు గానీ.

కాబట్టి ప్రతి ఊరికే వస్తుంది. రానిరోజు, లేదా రాసింది కంపెనీకి నచ్చనిరోజు ఏమవుతుందన్నది మిగతా ఆటల పత్రికల అనుభవంలో దొరుకుతుంది. 2007 నవంబరులో గేమ్‌స్పాట్ అనే సంస్థ తన సంపాదకుడు జెఫ్ గెర్స్ట్‌మన్‌ను తీసేసింది. ‘కేన్ అండ్ లించ్’ అనే ఆటకు ఆయన పదికి ఆరు మార్కులు వేశాడు, అదే సమయంలో ఆ ఆట ప్రకటనలు ఆ సైటు నిండా పరుచుకుని ఉన్నాయి. రెండింటికీ సంబంధం ఉందని 2012లో ఆయనే బహిరంగంగా చెప్పాడు. 2015లో కొటాకు పత్రిక సంపాదకుడు స్టీఫెన్ టొటిలో మరో సంగతి బయటపెట్టాడు. బెథెస్డా, యూబీసాఫ్ట్ కంపెనీలు తమ రహస్యాలు ముందే రాసినందుకు తమను పూర్తిగా వెలివేశాయని, ప్రతులు లేవు, జవాబులు లేవు, ఆహ్వానాలు లేవని. ప్రతి కొనుక్కోవడానికి కొటాకు దగ్గర డబ్బు లేక కాదు. విడుదలకు ముందు రాయలేకపోవడమే దెబ్బ.

కొటాకు ఉదంతం చెప్పే సంగతి ఒకటే. వెల కట్టాల్సింది ప్రతికి కాదు, ప్రతి వచ్చే తేదీకి. 2014 నవంబరులో ‘అసాసిన్స్ క్రీడ్ యూనిటీ’ అమెరికా దుకాణాల్లోకి వచ్చాక పన్నెండు గంటల వరకు సమీక్షలు బయటపెట్టొద్దని యూబీసాఫ్ట్ ముందే కట్టడి చేసింది. ఆటలో లోపాలు కుప్పలుగా ఉన్నట్టు జనానికి తెలిసేసరికి తొలిరోజు కొనుగోళ్లు అయిపోయాయి. 2016లో బెథెస్డా మరింత సూటిగా చెప్పేసింది, ఇకమీదట ప్రతులు విడుదలకు ఒక్కరోజు ముందే పంపుతామని. ఊరికే ఇవ్వడం మానలేదు, గడియారాన్ని మాత్రం తన చేతిలోకి తీసుకుంది.

సిమ్యులేటర్ల లోకం మామూలు ఆటల లోకం కంటే ఇరుకు. తయారీదారుల్లో చాలామంది ఇద్దరు ముగ్గురు మనుషుల సంస్థలు. విడుదలకు ముందు తప్పులు వెతికిపెట్టే బీటా టెస్టర్లు కూడా ఔత్సాహికులే, జీతం లేనివాళ్లే. వాళ్ల పేర్లు మాన్యువల్ చివర్లో వేస్తారు. ఎవరికి విమానాల గురించి లోతుగా తెలుసో వాళ్లే టెస్టర్లవుతారు, వాళ్లే సమీక్షకులూ అవుతారు. ఆరు నెలలు తాను తప్పులు దిద్దించిన విమానం మీద తీర్పు చెప్పమంటే, ముందుమాట రాసినవాడు సమీక్ష రాసినట్టే. అజ్ఞాని రాస్తే పనికిరాదు, తెలిసినవాడు రాస్తే చుట్టరికం అడ్డొస్తుంది.

ఉచిత ప్రతుల మీద నడిచే సమీక్ష దేన్ని పట్టుకోలేదో 2018 ఫిబ్రవరిలో తేలింది. ఫ్లైట్‌సిమ్ ల్యాబ్స్ అమ్మిన ఏ320-ఎక్స్ అప్పటికి సుమారు 100 డాలర్ల ఖరీదైన, బాగా పేరున్న విమానం. దాని ఇన్‌స్టాలర్‌లో క్రోమ్ బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లను బయటికి లాగే ఓ ఫైలు ఉన్నట్టు రెడ్డిట్ అనే చర్చా వేదికలో ఒక వాడుకరి బయటపెట్టాడు. దొంగ సీరియల్ నంబర్లు వాడేవాళ్లను పట్టుకోవడానికే దాన్ని పెట్టామని, సక్రమంగా కొన్నవాళ్ల సమాచారం తీసుకోలేదని కంపెనీ వివరణ ఇచ్చింది. గొడవ ముదరడంతో ఆ ఫైలు తీసేసి క్షమాపణ చెప్పింది. అదే ఏడాది జూన్‌లో మరో ఫైలు మీద చర్చ రేగినప్పుడు, పరువునష్టం మాట ఎత్తి రెడ్డిట్ నిర్వాహకులకు లేఖలు పంపింది. సమీక్షకుడు కాక్‌పిట్‌లో కూర్చుని మీటలు పరీక్షిస్తాడు. ఇన్‌స్టాలర్ పొట్ట కోసి చూడడం అతని పనుల చిట్టాలో లేదు, ఆ వాడుకరికి మాత్రం ఆ అనుమానం వచ్చింది.

చట్టం ఈ పక్కకు చూసింది 2009లో. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1980 నాటి తన మార్గదర్శకాలను ఆ ఏడాది అక్టోబరులో తిరగరాసింది. నియమాలు అర్థం కావడానికి ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి సరిగ్గా ఆటల సమీక్షకుడి గురించే. వీడియో గేముల్లో దిట్టగా పేరున్న ఓ కాలేజీ కుర్రాడికి కంపెనీ కొత్త గేమింగ్ యంత్రాన్ని ఉచితంగా పంపి రాయమంటుంది. అతను రాస్తాడు. అది ఊరికే వచ్చిందన్న సంగతి పాఠకులకు తెలియకపోవచ్చు, తెలిస్తే అతని మాటకు ఇచ్చే విలువ మారొచ్చు, కాబట్టి చెప్పాలి అని కమిషన్ తేల్చింది. పాత పత్రికల సమీక్షకుల మీద మాత్రం ఇంత పట్టింపు పెట్టలేదు. పత్రికకు సంపాదకుడుంటాడు, ప్రతి పత్రికకు వస్తుంది, పాఠకుడికి ఆ సంగతి తెలుసు అని దాని వాదన. సొంతంగా రాసుకునేవాళ్లు దీన్ని పక్షపాతమన్నారు.

కేసులు కొంత ఆలస్యంగా వచ్చాయి. 2015లో మషీనిమా అనే వీడియో సంస్థ ఎక్స్‌బాక్స్ వన్‌ను పొగిడే వీడియోలకు డబ్బు ఇచ్చి దాచినందుకు కమిషన్ ముందు నిలబడింది. ఒకరికి 15,000 డాలర్లు, ఇంకొకరికి 30,000 డాలర్లు ముట్టాయి. 2016 జులైలో వార్నర్ బ్రదర్స్ వంతు. 2014లో ఆ సంస్థ ‘షాడో ఆఫ్ మోర్డోర్’ ఆట కోసం యూట్యూబర్లకు వందల నుంచి పదుల వేల డాలర్ల దాకా ఇచ్చింది. వారిలో కొందరు ‘ఆట నాకు ముందుగా ఇచ్చారు’ అని మాత్రమే చెప్పి, డబ్బు సంగతి మింగేశారు. ఉచిత ప్రతి అన్న ఒప్పుకోలునే తెరగా వాడుకున్నారన్నమాట.

అమ్మే దుకాణాలు తమ పద్ధతులు తాము మార్చుకున్నాయి. ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ 2014లో ఆటలను సిఫారసు చేసే ‘క్యూరేటర్ల’ను పెట్టినప్పుడే, ప్రతిఫలం పుచ్చుకుంటే ఆ మాట రాసి తీరాలని షరతు పెట్టింది. 2016 సెప్టెంబరులో ఇంకా పెద్ద మార్పు చేసింది. తన దగ్గర కొనకుండా, బయటి నుంచి వచ్చిన సీరియల్ నంబర్లతో తెరిచిన ప్రతుల మీద రాసిన అభిప్రాయాలను మొత్తం స్కోరు లెక్కలోంచి తీసేసింది. చదువుకోవచ్చు, కానీ మార్కుల్లో కలవవు. అదే ఏడాది అక్టోబరులో అమెజాన్ ఉచిత సరుకుకు బదులుగా రాసే సమీక్షలను, తన సొంత ‘వైన్’ పథకంలో తప్ప, నిషేధించింది. పుస్తకాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. రెండున్నర శతాబ్దాల ఆనవాయితీని అదీ ముట్టుకోలేదు.

భారతదేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2021 మేలో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం నియమాలు తెచ్చింది, జూన్ 14 నుంచి అమల్లోకి వచ్చాయి. డబ్బే అక్కర్లేదు, ఉచితంగా వస్తువు వచ్చినా చెప్పాలి, అభిప్రాయం పూర్తిగా నిష్పాక్షికమైనదే అయినా చెప్పాలి అన్నది అందులో కీలకం. వాడదగిన ముద్రల జాబితాలో ‘ప్రకటన’, ‘స్పాన్సర్డ్’ లాంటివాటితోపాటు ‘ఉచిత కానుక’ కూడా ఉంది. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా ఇదే దారిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

ఆదాయపు పన్ను శాఖ ఇంకో ముడి వేసింది. 2022 జులై 1 నుంచి వచ్చిన 194ఆర్ సెక్షన్ ప్రకారం, వ్యాపారం లేదా వృత్తి రీత్యా అందిన ప్రయోజనాల విలువ ఏడాదికి 20,000 రూపాయలు దాటితే 10 శాతం పన్ను ముందే పట్టుకోవాలి. దానిమీద వచ్చిన సర్క్యులర్ ఇన్‌ఫ్లుయెన్సర్లనే ఉదాహరణగా తీసుకుంది. ప్రచారం కోసం ఇచ్చిన కారునో ఫోనునో పని అయ్యాక తిరిగిచ్చేస్తే అది ప్రయోజనం కాదు, ఉంచుకుంటే అవుతుంది. కార్ల విలేకరులు ఎప్పటినుంచో చేస్తున్నది అదే, వారం నడిపి తాళాలు అప్పగిస్తారు. సిమ్యులేటర్ విమానాన్ని అప్పగించేదెలా? సీరియల్ నంబరు చెల్లకుండా చేయొచ్చు. ఆ పని చేసే తయారీదారూ అరుదు, అడిగే సమీక్షకుడూ అరుదు.

ఇంతలో సమీక్ష రూపమే మారిపోయింది. 2020 ఆగస్టు 18న కొత్త మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చింది, మరుసటి ఏడాది జులైలో ఎక్స్‌బాక్స్‌కూ వెళ్లింది. కొత్త జనం ఒక్కసారిగా చేరారు. వాళ్లు పది పేజీల వ్యాసాలు చదవరు, యూట్యూబ్‌లో చూస్తారు. వీడియోలు చేసేవాళ్లలో నిజమైన ఎయిర్‌లైన్ పైలట్లు ఉన్నారు. మారుపేర్లతో చానెళ్లు నడుపుతూ, 737లోనో ఏ320లోనో తాము రోజూ చేసే పనినే తెర మీద చేసి చూపిస్తారు. 2022లో ఫెనిక్స్ ఏ320 లాంటి విమానాలు అమ్మకానికి రాకముందే ఇలాంటి చానెళ్లలో గంటల కొద్దీ ఎగిరాయి. మొదట చూపించిన చానెల్‌కు వచ్చినన్ని వీక్షణలు, తర్వాత కొనుక్కుని చూపించినవాడికి రావు. చానెల్ బతికేది వీక్షణల మీద. ఎవ్‌సిమ్ కాలంలో 70 డాలర్ల ప్రతి కూలి అయితే, ఇప్పుడు ఆ ప్రతితోపాటు వచ్చే ముందస్తు సమయమే అసలు కూలి.

‘ఈ విమానాన్ని తయారీదారు ఉచితంగా ఇచ్చారు’ అన్న వాక్యం ఇప్పుడు చాలా వీడియోల కింద కనిపిస్తుంది. అమెరికా చట్టం అడిగిందీ, భారత నియమం అడిగిందీ అంతే. ఎప్పుడు ఇచ్చారు, ఏవి చూపించొద్దన్నారు, ఇతను టెస్టర్ల జట్టులో ఉన్నాడా, నిరుటి విమానాన్ని తిట్టినవాళ్లకు ఈ ఏడాది అందిందా అన్న ప్రశ్నలకు ఆ వాక్యంలో చోటు లేదు. 2024 ఆగస్టులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన కొత్త నిబంధన కూడా కట్టుకథల సమీక్షలను, పొగిడితేనే ప్రతిఫలమిస్తామనే బేరాలను నిషేధించింది. షరతు లేకుండా ఇచ్చే ప్రతి జోలికి పోలేదు. అక్టోబరు 21న అది అమల్లోకి వచ్చింది.

ఇంచుమించు ఆ రోజుల్లోనే ఈ వ్యాపారంలో ఓ పెద్ద విడుదల జరిగింది. ఫ్లైట్ సిమ్యులేటర్ 2024 కోసం మైక్రోసాఫ్ట్ సెప్టెంబరులో విలేకరులను, చానెళ్లవాళ్లను అరిజోనాలో గ్రాండ్ కాన్యన్ దగ్గరికి పిలిచి ఆట చూపించింది. లోయ అందాల వీడియోలు వారాల తరబడి తిరిగాయి, వాటిలో అబద్ధమేమీ లేదు. నవంబరు 19న ఆట అమ్మకానికి వచ్చింది. ప్రపంచాన్ని ముక్కలు ముక్కలుగా సర్వర్ల నుంచి తెచ్చుకునే ఆట అది. జనం ఒక్కసారిగా ఎగబడేసరికి సర్వర్లు చతికిలపడ్డాయి. లోడింగ్ 97 శాతం దగ్గర ఆగిపోయి గంటలు గడిచినా కదల్లేదని కొన్నవాళ్లు మొత్తుకున్నారు. 2 లక్షల మంది వచ్చినట్టు నమూనాగా పరీక్షించామని, అసలు తాకిడికి అది చాలలేదని నిర్మాతలు అదే రోజు వీడియోలో చెప్పుకున్నారు. పిలిచి చూపించిన కొద్దిమందికి ఆ లోపం కనిపించే అవకాశమే లేదు, అప్పటికి ఆ తాకిడే లేదు కదా. స్టీమ్‌లో ఆ సాయంత్రానికి ఆట మీద పడిన ముద్ర ‘అత్యధికంగా ప్రతికూలం’. 2016 నాటి నియమం వల్ల ఆ మార్కుల్లో ఉచిత ప్రతుల వాళ్ల మాట ఒక్కటీ కలవలేదు, స్టీమ్‌లో డబ్బు కట్టి కొన్నవాళ్లవే కలిశాయి.